టెక్ కంపెనీని పెంచడం – 4వ పాఠం: చిల్లు కుండ లెక్క

మొదటి పదిమంది కస్టమర్ల షాపుల్లో ఒక్కో పూట కూర్చుని రమ్మని పోయిన పాఠంలో చెప్పాను. కూర్చోనివాళ్లు కూడా ఈ పాఠం చదవచ్చు గానీ, వాళ్లకు లెక్క మాత్రమే దక్కుతుంది.

పాత ఉదాహరణే తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ షాపులకు పద్దులు రాసిపెట్టే యాప్ మనది. 40 షాపులు చేరాయి. ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్, పెట్టుబడి పెట్టేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఈ నెల కొత్తగా ఎన్ని వచ్చాయి? ఎన్ని మానేశాయో ఎవరూ అడగరు. అది మనమే అడుక్కోవాలి.

నెలకు పది శాతమేగా పోయేది అనిపిస్తుంది. కొత్తవి ఏమీ రాకపోతే, ఏడాది తిరిగేసరికి ఆ 40లో మిగిలేవి 11. అదే 5 శాతమైతే దాదాపు 22.

ఇప్పుడు నెలకు 6 కొత్త షాపులు తెస్తున్నారనుకోండి. 6ను 0.10తో భాగిస్తే 60. అదే మీ కంపెనీకి పైకప్పు. 60 షాపులు అయ్యాక నెలకు ఆరు వస్తాయి, ఆరు పోతాయి. ఎంత తిరిగినా అంతే. పోయేవాటిని 5 శాతానికి తగ్గిస్తే కప్పు 120కి లేస్తుంది. సేల్స్ కుర్రాడు అతనే, బండిలో పెట్రోలూ అంతే. చిల్లు అలాగే ఉంచి 120కి చేరాలంటే మాత్రం నెలకు 12 షాపులు తేవాలి.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపులకు స్టాకు సాఫ్ట్‌వేర్ అమ్మిన రోజుల్లో, కొత్త షాపుల సంఖ్య బోర్డు మీద రాసి స్వీట్లు పంచుకునేవాళ్లం. మానేసినవాటిని అందులోంచి ఒక్కరమూ తీసెయ్యలేదు. బ్యాంకులో డబ్బు అడుగంటాక గానీ టెన్షన్ మొదలవలేదు.

ఎందుకు మానేస్తారు? డబ్బు కట్టేది షావుకారు, వాడేది గుమస్తా. గుమస్తా మారాడా, యాప్ మూలన పడ్డట్టే. డబ్బు ఆగేముందు ఎంట్రీలు ఆగుతాయి. వారంపాటు ఎంట్రీ కనిపించకపోతే ఫోన్ కాదు, షాపుకే వెళ్లండి. కొత్త గుమస్తాకు నేర్పించి రండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. యార్డులో సరుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు. అప్పుడు ఎంట్రీలు లేవంటే మానేసినట్టు కాదు. కమిషన్ షాపులకు పోయిన మార్చిని ఈ మార్చితో పోల్చండి. ఫీజు కూడా సీజన్‌కు ముందే ఏడాదికి ఒకేసారి తీసుకోండి. మన యాప్ వాడే కోల్డ్ స్టోరేజీల సంగతి వేరు. సీజన్ అయ్యాక కూడా అక్కడ సరుకు ఉంటుంది, కాబట్టి వాటికి నెలవారీ లెక్కే సరిపోతుంది. రెండింటినీ ఒకే పద్దులో కలపొద్దు.

ఇంటిపని: కోల్డ్ స్టోరేజీ కస్టమర్లతో ఒక పట్టిక గీయండి. ఒకే నెలలో చేరినవాళ్లంతా ఒక వరుస. మొదటి నెల, రెండో నెల, మూడో నెల అంటూ గళ్లు. ప్రతి గడిలో ఇంకా వాడుతున్నవాళ్లు నూటికి ఎందరో రాయండి. తర్వాత మూడో నెల గళ్లను పైనుంచి కిందికి చదవండి. కొత్త వరుసలు పాతవాటికంటే మెరుగ్గా లేకపోతే, రెండో సేల్స్ కుర్రాణ్ణి ఇప్పుడే పెట్టుకోకండి. ఆ పట్టిక దగ్గర ఉంచుకోండి, 5వ పాఠంలో ధర పెంచేటప్పుడు దాంతోనే పని.