మింగలేని పెద్దవాళ్ళకి మెత్తటి మటన్
పక్షవాతం వచ్చాక మింగడం ఇబ్బందైన పెద్దవాళ్ళకి మటన్ పూర్తిగా మానేయక్కర్లేదు, కాకపోతే ముందు స్పీచ్ థెరపిస్ట్‌ని (మాటతో పాటు మింగే ఇబ్బందుల్ని కూడా చూసేవాళ్ళు) అడిగి ఎంత మెత్తగా ఉండాలో తెలుసుకోండి. అరకిలో బోన్‌లెస్ ముక్కలకి ఒక స్పూన్ పచ్చి బొప్పాయి పేస్ట్, పెరుగు, అల్లంవెల్లుల్లి, ఉప్పు పట్టించి గంట ఉంచి, కుక్కర్లో ఒక విజిల్ వచ్చాక సిమ్‌లో అరగంట పైనే ఉడకనివ్వండి, వేళ్ళతో నొక్కితే నలిగిపోవాలి. అయినా పీచులు మిగులుతాయి, గొంతులో అడ్డంపడేవి అవే, సో మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. థెరపిస్ట్ సన్నగా చేసి తడిగా పెట్టమంటే ముక్క వెడల్పు 4 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే ఫోర్క్ పళ్ళ మధ్య సందులో పట్టేంత. పులుసు పల్చగా ఉంటే నీళ్ళు ముందే జారిపోయి పొరబోతుంది, అందుకే ఉల్లిపాయ, జీడిపప్పు పేస్టులతో చిక్కటి గ్రేవీ చేసి అందులో కలిపేయండి. ఆవాలు, కొత్తిమీర కాడలు అస్సలొద్దు, కరివేపాకు వాసన లేకపోతే ఎలా అంటారా, నూనెలో వేయించి తీసేయండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న స్పూన్‌తోనే పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వద్దు.