ఇంజన్ ఆయిల్ ఎంచుకునేటప్పుడు పాలిమర్‌ను లెక్కలోకి తీసుకోవడం ఎలా

వరంగల్ ఆటోనగర్‌లో గానీ, ఎనుమాముల మార్కెట్ దారిలోని దుకాణాల్లో గానీ ట్రాక్టరుకు ఇంజన్ ఆయిల్ అడిగితే 20డబ్ల్యూ-40 ఒకటి, 15డబ్ల్యూ-40 ఒకటి ముందు పెట్టి ధర చెబుతారు. ఆ అంకెల వెనుక ఉన్న పదార్థం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. చలిలో పారుతూనే వేడిలో పలచబడిపోకుండా ఆయిల్‌ను నిలబెట్టేది, చాలా రకాల్లో, అందులో కరిగించిన పాలిమర్, అంటే పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. కొత్త ఆయిల్ చిక్కదనం కంటే ఆ పాలిమర్ ఎంతకాలం తెగకుండా ఉంటుందన్నదే కొనేవారు ముందుగా ఆలోచించవలసిన విషయం.

మొదట బండితో వచ్చిన పుస్తకం తెరిచి, అందులో ఏ గ్రేడ్లకు అనుమతి ఉందో చూడాలి. దానిని దాటి వెళ్లకూడదు. డబ్ల్యూకు ముందున్న అంకె చలికి సంబంధించినది. స్టార్టింగ్ పరీక్షను 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల వద్ద, 15డబ్ల్యూకు మైనస్ 20 డిగ్రీల వద్ద చేస్తారు. ఆదిలాబాద్‌లో ఎముకలు కొరికే చలిలోనూ ఆ స్థితి రాదు కనుక, పుస్తకం రెండింటినీ ఒప్పుకున్నప్పుడు చలి కోసమని ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. రెండో అంకె వేడి ఇంజన్‌కు సంబంధించినది: 40 అంటే 100 డిగ్రీల వద్ద చిక్కదనం 12.5 సెంటీస్టోక్‌లకు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గకుండా, 16.3 లోపు ఉండాలి.

సాధారణ 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల వద్ద సుమారు 110 సెంటీస్టోక్‌లు ఉండి, 100 డిగ్రీలకు చేరేసరికి 14 లేదా 15కు దిగుతుంది. పాలిమర్ లేని నూనెతో వేడిలో అంతే చిక్కదనం తేవాలంటే, చలిలో అది మరింత మందంగా ఉండక తప్పదు. ఇథిలీన్, ప్రొపిలీన్ కలిపి చేసే కోపాలిమర్‌ను ఇంజన్ ఆయిళ్లలో విస్తృతంగా వాడతారు; రబ్బరు దిమ్మలా ఉండే దానిని ముక్కలు చేసి, వేడి నూనెలో గంటలకొద్దీ కలియబెట్టి కరిగిస్తారు. పాలీమెథాక్రిలేట్ అనే మరో రకం పాలిమర్ గొలుసులు చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడెక్కిన కొద్దీ విచ్చుకుంటాయి కాబట్టి, అవసరమైన చోటనే ఎక్కువ చిక్కదనాన్ని ఇస్తాయి.

అయితే గొలుసు ఎంత పొడవైతే అంత తక్కువ మోతాదుతో పని జరుగుతుంది, అంత త్వరగా తెగుతుంది కూడా. బేరింగ్ సందుల్లోనూ పంపులోనూ నలిగి తెగిన గొలుసు మళ్లీ అతుక్కోదు. ఇలా నలిగి తెగడాన్ని కోత అంటారు. పాలిమర్ వల్ల పెరిగిన చిక్కదనంలో ఎంత పోతుందో కోత సూచిక శాతంలో చెబుతుంది. పాలిమర్ లేకుండా 7 సెంటీస్టోక్‌లుండే ఆయిల్‌ను పాలిమర్‌తో 15కు పెంచారనుకుందాం, పెరిగినది 8. సూచిక 25 అయితే అందులో 2 పోయి 13 మిగులుతుంది, ఆయిల్ 40 గ్రేడులోనే ఉంటుంది. సూచిక 50 అయితే 4 పోయి 11కు పడిపోతుంది, అంటే డబ్బా మీద 40 అని ఉన్నా ఇంజన్‌లో తిరిగేది 30 గ్రేడు ఆయిలే. ఈ సూచికను డబ్బా మీద ముద్రించరు. అందుకు బదులుగా డీజిల్ ఇంజన్లకు సీఐ-4 ప్లస్ లేదా సీకే-4 అన్న నాణ్యతా ప్రమాణపు గుర్తు ఉన్నదేమో చూడవచ్చు. ఆ ప్రమాణాల్లో ఆయిల్‌ను డీజిల్ ఇంజెక్టర్ నాజిల్ గుండా 90 సార్లు పంపి, ఆ తరువాత కూడా చిక్కదనం నిలిచిందా లేదా అని పరీక్షిస్తారు.

మోటారు సైకిళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా బైకుల్లో ఇంజన్‌కూ, గేరుబాక్సుకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిల్ కావడం వల్ల గేరు పళ్ల మధ్య పాలిమర్ త్వరగా నలుగుతుంది. వీటికి మోటారు సైకిళ్ల ఆయిల్‌కు ఇచ్చే జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తున్న ఆయిల్‌నే తీసుకోవాలి, మార్చే గడువును పొడిగించకూడదు.

కంపెనీ వెబ్‌సైట్‌లో సాంకేతిక వివరాల పత్రం దొరికితే స్నిగ్ధతా సూచికను చూడాలి; వేడికి చిక్కదనం ఎంత తక్కువగా మారితే ఆ అంకె అంత ఎక్కువ. ఒకే గ్రేడుండే మినరల్ ఆయిల్‌లో అది 100 దరిదాపుల్లో ఉంటుంది. మినరల్ ఆయిల్‌లో అంతకంటే బాగా ఎక్కువ ఉంటే అది చాలావరకు పాలిమర్ వల్లనే. సింథటిక్‌లో మాత్రం ఏమీ కలపని మూల నూనెకే (బేస్ ఆయిల్) ఆ గుణం ఉంటుంది కాబట్టి, పెద్ద అంకె కనబడగానే పాలిమర్ ఎక్కువని తేల్చకూడదు. 150 డిగ్రీల వద్ద తీవ్రమైన కోతలో కొలిచిన చిక్కదనం ఇంకా నమ్మదగినది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండింటికీ అది కనీసం 3.7 మిల్లీపాస్కల్ సెకండ్లు ఉండాలి.

ఆయిల్ తాగుతున్న పాత ఇంజన్‌లో పోయమని అమ్మే చిక్కటి సీసాలను నేను సిఫారసు చేయను. వేళ్ల మధ్య తీగపాకంలా సాగే ఆ ద్రవం చాలా సందర్భాల్లో నూనెలో కరిగించిన పాలిమరే. పొగ కొన్నాళ్లు తగ్గినట్లు కనిపించినా అరిగిన రింగులు బాగుపడవు, ఆయిల్‌లో కంపెనీ కలిపిన ఇతర రసాయనాల (సంకలనాల) పాళ్లు మాత్రం చెడిపోతాయి.

వాడిన ఆయిల్‌ను వేలితో తాకి పాలిమర్ తెగిందో లేదో చెప్పలేము, ఎందుకంటే మసి దానిని చిక్కబరుస్తుంది, డీజిల్ కలిస్తే పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ముందు ఇంజెక్టర్లను చూపించాలి. అవి బాగానే ఉండి, రోటావేటర్ వేసి దున్నిన తరువాత వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ మునుపటి కంటే తగ్గితే, ముందు గేజిని, పంపును తనిఖీ చేయించి, ఇంజన్ వేడిగా ఉండగానే తీసిన నమూనాను 100 డిగ్రీల వద్ద చిక్కదనం కొలిచే ల్యాబుకు పంపాలి. అదే కంపెనీ కొత్త ఆయిల్ నమూనాను కూడా జత చేస్తే ఎంత తగ్గిందో నేరుగా తెలుస్తుంది.