నెలకో సెలవు రాళ్ల మడుగుల దగ్గర

ఇంటిల్లిపాదీ కలిసి చేసే సరదా ఏదైనా కొత్తగా మొదలుపెట్టాలంటే, విశాఖలో సముద్రపు రాళ్లను మించింది లేదు. తెన్నేటి పార్కు దిగువన, రుషికొండ దగ్గర, ఆటుకి నీరు తగ్గాక రాళ్ల మధ్య మడుగులు మిగులుతాయి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. ఆ దగ్గర్లో పడే సెలవు చూసుకోండి. ఒక్క రోజు తేడాకే ఆటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అందుకే అంచనాతో వెళ్లొద్దు, టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసి పగటి ఆటుకే బయల్దేరండి. నీరు అట్టడుగుకి చేరడానికి గంట ముందు దిగి, చేరిన అరగంటకల్లా పైకొచ్చేయాలి. పచ్చటి పాచి మీద హవాయి చెప్పులు జర్రున జారతాయి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. కెరటాలకి వీపు పెట్టొద్దు. అల్పపీడనం ఉన్న వారం అసలు వద్దు.

మడుగు మీద మన నీడ పడకుండా రెండు నిమిషాలు కదలక కూర్చుంటే గవ్వ లేచి నడుస్తుంది! అది సన్యాసి పీత. ఖాళీ గవ్వలే వాటికి ఇళ్లు, అందుకని ఏరి తేకండి. శంకువు ఆకారపు నత్తల్ని పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు, వాటికి విషపు ముల్లుంటుంది. రాయి తిప్పితే మళ్లీ అలాగే బోర్లించాలి, లేకపోతే అడుగున బతికేవి ఎండకి చస్తాయి. ఇంటికొచ్చాక ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఆటు సమయం రాసి, చూసినవాటి బొమ్మలు పిల్లలచేత వేయించండి.