అవార్డు వచ్చిన బొమ్మల పుస్తకాన్ని పిల్లలతో ఎలా చదవాలి?

ముందుగా, ఆ బహుమతిని దేనికి ఇచ్చారో చూడండి. అమెరికాలో 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకం రచనకు దక్కేది. ఆ పుస్తకాలు ఎక్కువగా సొంతంగా చదువుకోగల పెద్ద పిల్లలవి. 1938లో మొదలైన కాల్డెకాట్ పతకం బొమ్మలు వేసినవారిది. నాలుగైదేళ్ల పిల్లలున్న ఇంటికి ఈ పతకం పొందిన పుస్తకాలే సరైనవి. మన సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం తెలుగుకూ ఉంది. ఆ జాబితానూ తప్పక వెతకండి.

పుస్తకం తెచ్చాక ముందు మీరు ఒక్కరే చదవండి. ఎక్కడ ఆగాలో అప్పుడే తెలుస్తుంది.

నాకు ప్రాణమైన 'ది స్నోయీ డే' సంగతే చెబుతాను. ఎజ్రా జాక్ కీట్స్ రాసి, బొమ్మలు కూర్చిన ఈ పుస్తకం 1962లో వచ్చింది, మరుసటి ఏడాది కాల్డెకాట్ గెలుచుకుంది. పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు ఎర్రని దుస్తులు వేసుకుని రోజంతా మంచులో ఆడుకుంటాడు. అప్పటి అమెరికా బొమ్మల పుస్తకాల్లో అలాంటి బాలుడే కథానాయకుడు కావడం చాలా అరుదు. అయినా అతని రంగు గురించి కథలో ఒక్క మాట కూడా ఉండదు. మంచు పడిన రోజు అతనిది, అంతే. మీరూ దాన్ని పాఠంగా మార్చకండి. తనలా లేని పిల్లవాడి సంతోషంలో మీ పాప కాసేపు ఉంటే చాలు.

ఇప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిసారి అక్షరాలు చదవకుండా బొమ్మలే చూపించండి. ఒకచోట పీటర్ కాళ్లీడ్చుకుంటూ నడిస్తే మంచులో రెండు గీతలు పడతాయి. ఆ పక్కన మూడో గీత మొదలవుతుంది. "ఇది ఎక్కడిది?" అని అడిగి, పేజీ తిప్పకుండా ఆగండి. ఏ జవాబు వచ్చినా సరిదిద్దవద్దు. ఊహించడం, తర్వాత తిప్పి సరిచూసుకోవడం, చదువరికి కావలసిన అలవాటు ఇదే.

రెండోసారి కథ చెప్పండి. పుస్తకం ఇంగ్లీషుదైనా మీ ఇంటి తెలుగులోనే చెప్పండి.

పీటర్ ఒక మంచు ముద్దను జేబులో దాచుకుని ఇంటికి వస్తాడు. పడుకునే ముందు చూస్తే జేబు ఖాళీ. ఇక్కడ చాలామంది తొందరపడి "కరిగిపోయింది కదా" అనేస్తారు. దయచేసి అనకండి. మంచు చూడని మన పిల్లలకు కూడా, వడగళ్లు ఏరి గుప్పిట్లో దాచుకుంటే ఏమవుతుందో తెలుసు. ఆ దిగులు వాళ్లే పోల్చుకోవాలి. పిల్లవాడు మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండండి. నీతి ఏమిటని అడిగితే ఆ క్షణం చెదిరిపోతుంది.

మళ్లీ చదవమంటే విసుక్కోకుండా చదవండి. తెలిసిన కథలోనే పిల్లలు కొత్త వివరాలు పట్టుకుంటారు.

చివరగా, చేతికి పని ఇవ్వండి. కీట్స్ రబ్బరు ముక్కలపై నమూనాలు కోసి, రంగులో ముంచి, అద్ది మంచు రేకులు తెప్పించారు. పీటర్ నిద్రపోయే పేజీల వెనుక బూడిద రంగు కోసం టూత్‌బ్రష్‌తో సిరా చిలకరించారు. పాత బ్రష్షు, అరిగిన రబ్బరు, రంగు కాగితాలు ముందు పెట్టి, నేల మీద పాత వార్తాపత్రిక పరవండి. రబ్బరు కోసే పని మాత్రం మీదే.