కొండల చల్లదనం కోరే థన్‌బెర్జియా తీగను కుండీలో పెంచే విధానం

నారింజ రంగు రేకుల నడుమ కాటుక దిద్దినట్టుండే నల్లని గొంతుతో పూసే థన్‌బెర్జియా అలాటా తూర్పు ఆఫ్రికాకు చెందిన తీగ. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ థన్‌బెర్గ్ పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. దీనికే 'బ్లాక్ ఐడ్ సుసాన్' అనే పేరు కూడా ఉంది. అయితే అమెరికాలో అదే పేరుతో పిలిచే రుడ్‌బెకియా తీగ కాదు, చేమంతి కుటుంబపు నిలువు మొక్క. కాబట్టి అక్కడి తెలుగువారు విత్తనాలు కొనేముందు పొట్లం మీది శాస్త్రీయనామం చూడాలి.

కెన్యా, టాంజానియా కొండ ప్రాంతాల్లో అడవి అంచున పొదలను అల్లుకుని పెరిగే ఈ తీగకు తలపై వెలుగు, వేళ్ళ దగ్గర చల్లదనం కావాలి. తక్కిన జాగ్రత్తలన్నీ దీని నుంచి పుట్టినవే. మన మైదాన ప్రాంతాల్లో వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తుకుంటే శీతాకాలమంతా పెరగడానికి అనువుగా ఉంటుంది. విత్తనాలను రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున కాగితపు కప్పుల్లో నాటాలి. వేళ్ళు కదిలితే మొక్క బెంగపెట్టుకుంటుంది కనుక, రెండు మూడు వారాల్లో మొలకెత్తి కాస్త నిలదొక్కుకున్నాక కప్పు అడుగు చింపి, మట్టి చెదరకుండా పన్నెండు అంగుళాల కుండీలోకి దించాలి.

ఈ తీగకు ఆధారాన్ని చుట్టి పట్టుకునే సన్నని నులితీగలు ఉండవు, కాండమే మెలితిరిగి ఎగబాకుతుంది. అందువల్ల లావుపాటి వెదురుబొంగు కంటే పురికొసో సన్నని ఇనుపతీగో కట్టడమే మేలు. నాలుగు జతల ఆకులు రాగానే కొన తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. యూరియా వంటివి ఎక్కువ వేస్తే ఆకే తప్ప పువ్వు కనబడదు.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు కుండీని ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చి, మట్టిపై ఎండుటాకులు పరచాలి. పొడి వేడిలో ఆకుల అడుగున ఎర్రనల్లి అనే రసం పీల్చే సన్నని పురుగు చేరుతుంది. తొలిదశలోనే నీటిని గట్టిగా చిమ్మి కడగాలి.

పక్షి తలను పోలిన కాయ ఎండగానే పగిలి విత్తనాలను దూరంగా విసురుతుంది. హవాయి, ఆస్ట్రేలియాలలో ఇది కలుపుగా మారిన మొక్క కనుక, అరకు వంటి చల్లని చోట్ల దీన్ని నేలలో నాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎక్కడ పెంచినా కాయ గోధుమరంగుకు తిరగగానే పలుచని గుడ్డసంచి కట్టి విత్తనాలు సేకరించుకోవాలి.