ట్రీట్ చేతిలో ఉన్నా కుక్కపిల్ల మాట వినడం లేదా? కారణాలు, సరిదిద్దే పద్ధతులు

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అపార్టుమెంట్లలో సాయంత్రం కిందికి దిగితే ఈ ఫిర్యాదు ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది: "మా కుక్కపిల్లకు ట్రీట్లు తినడం తప్ప ఏమీ రాదండీ." నిజానికి దానికి చాలానే వచ్చు. మన నోరు ఒకటి చెబుతుంటే మన చెయ్యి ఇంకొకటి నేర్పుతూ ఉంటుంది, అది చేతిని నమ్ముతుంది. ట్రీట్ ఎక్కడ ఉంది, ఎప్పుడు నోటికి అందింది? రెండు నెలల నుంచి ఐదారు నెలల వయసు కుక్కపిల్లలతో వచ్చే తిప్పలు చాలావరకు ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి.

"సిట్" అంటే ఎగిరి దూకుతోంది

చెయ్యి ఎత్తులో ఉంది, అంతే. ట్రీట్ ముక్కుకు జానెడు పైన వేలాడుతుంటే ఏ పిల్లైనా ముందుకాళ్లు లేపుతుంది. బఠాణీ గింజలో సగమంత ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దాని ముక్కుకు దాదాపు ఆనించండి. నాకితే నాకనివ్వండి, వదలకండి. అక్కడి నుంచి చేతిని రెండు కళ్ల మధ్యగా, నుదుటి మీదుగా, వెనక్కి మెల్లగా జరపండి. పైకి లేపవద్దు. ముక్కు చేతి వెంట వస్తుంది, తల వెనక్కి వాలుతుంది, నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. పిర్రలు నేలకు తాకగానే ముక్క నోట్లో పడాలి.

కూర్చోకుండా వెనక్కి నడుచుకుంటూ పోతే గోడ మూలకు తీసుకెళ్లి అక్కడ నేర్పండి. వెనక్కి పోవడానికి చోటుండదు. నడుము మీద చెయ్యి వేసి నొక్కవద్దు. నొక్కితే అది ఎదురు తంతుంది, పైగా ఇంకా ముదరని కీళ్ల మీద భారం పడుతుంది.

సగం కూర్చుని లేచిపోతుంటే నేలను చూడండి. ఇప్పటి ఫ్లాట్లన్నింటిలో నున్నటి టైల్స్. వాటి మీద పిల్ల వెనకకాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. గరుకు డోర్‌మ్యాట్ ఒకటి వేసి చూడండి, వారం రోజుల మొండితనం ఒక్క పూటలో మాయమవుతుంది. ముధోల్ వంటి సన్నని వేటజాతి పిల్లలకు మ్యాట్ మరీ అవసరం. వాటి కాళ్లు పొడవు, ఒంటి మీద కొవ్వు తక్కువ, గట్టి నేల మీద కూర్చోవడం వాటికి హాయిగా ఉండదు.

మొదట్లో "సిట్" అనే మాటే అవసరం లేదు. చేతి కదలికకు తడుముకోకుండా కూర్చోవడం వచ్చాక, చెయ్యి కదపడానికి కాస్త ముందు ఒక్కసారి అనండి. "సిట్, సిట్, సిట్, కూర్చోరా నాయనా" అని వరసగా అంటూ పోతే, నాలుగోసారి కూర్చుంటే చాలన్న పాఠం దానికి చక్కగా వచ్చేస్తుంది.

కూర్చుంటుంది, కానీ వెంటనే లేచి నిలబడుతుంది

కారణం డబ్బా మూత. పిల్ల కూర్చుంటుంది, మీరు అల్మారా దగ్గరికి వెళ్లి, మూత తిప్పి, ముక్క తీసేసరికి అది లేచి మీ కాళ్ల దగ్గర నిలబడి ఉంటుంది. ట్రీట్ అప్పుడు అందింది కాబట్టి, దాని లెక్కలో బహుమతి నిలబడినందుకే. పని జరిగిన ఒక సెకను లోపల దానికి కబురు అందాలి.

అంత వేగం అన్నిసార్లూ చేతికి సాధ్యం కాదు. అందుకే ఒక గుర్తుమాట పెట్టుకోవాలి. 1940లలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మారియన్ బ్రెలాండ్ దంపతులు జంతువులకు ఇలాగే ఒక చిన్న చప్పుడుతో శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే, నొక్కితే టక్కుమనే క్లిక్కర్‌కు మూలం అదే. క్లిక్కర్ కొనకపోయినా నష్టం లేదు. "భేష్" అనుకోండి. పొట్టి మాట, ఇంట్లో రోజంతా ఎవరూ అనరు. "గుడ్" అయితే ఫోనులో మాట్లాడుతూ కూడా అనేస్తుంటాం, దాని విలువ పోతుంది. ముందు ఏ పనీ చెప్పకుండా "భేష్" అనడం, ముక్క ఇవ్వడం, ఇలా ఓ పూట చేయండి. మాట వినగానే తల తిప్పి మీ చేతికేసి చూసిందంటే అర్థమైందన్నమాట. ఆ తర్వాత పిర్రలు నేలను తాకగానే "భేష్", ఆ వెనకే ట్రీట్. కూర్చుని ఉండగానే అందించండి.

ట్రీట్ కనిపిస్తేనే వింటుంది, లేకపోతే మొహం తిప్పేసుకుంటుంది

అన్నింటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. దీన్ని పట్టుకునే కొందరు "ట్రీట్లతో నేర్పితే కుక్క చెడిపోతుంది" అని తేల్చేస్తారు. చెడింది ట్రీట్ వల్ల కాదు, దాన్ని ముందే చూపించడం వల్ల. పనికి ముందు చూపిస్తే లంచం, పని అయ్యాక ఇస్తే కూలి. చేతిలో ముక్క పట్టుకుని దారి చూపించడం మొదటి నాలుగైదు సార్లకే. దాన్ని వారాల తరబడి సాగదీస్తే "సిట్" అంటే "వేళ్ల మధ్య చికెన్ ఉన్నప్పుడు కూర్చోవడం" అని స్థిరపడిపోతుంది.

విడిపించే దారి ఇది. ముక్కతో రెండు మూడుసార్లు చేయించండి. ఆ ఊపులోనే, మధ్యలో విరామం లేకుండా, ఖాళీ చేతితో సరిగ్గా అదే కదలిక చేయండి. వేళ్లు ముక్క పట్టుకున్నట్టే ఉండాలి. కూర్చోగానే "భేష్" అని, ఇంకో చేతి నుంచో జేబులోంచో తీసి ఇవ్వండి. చేతిలో లేకపోయినా ఎక్కడి నుంచో వస్తుందన్న నమ్మకం కలగడమే ఇక్కడ అసలు మలుపు. అది కుదిరాక చేతి కదలికను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే మాట ఒక్కటే మిగులుతుంది.

ప్యాకెట్ గలగల కూడా చూపించడంతో సమానమే. సాధన మొదలుపెట్టడానికి చాలా ముందే చిన్న డబ్బాలు హాల్లో, వంటింటి గట్టు మీద, బాల్కనీ తలుపు దగ్గర పెట్టేసుకోండి. మాట బాగా నిలిచాక ప్రతిసారీ ఇవ్వనక్కర్లేదు. ఒకసారి ముక్క, ఒకసారి బంతి, ఒకసారి తల నిమరడం చాలు. ఒకేసారి పూర్తిగా మానేస్తే మాత్రం అది కూడా మానేస్తుంది.

ఇంట్లో వింటుంది, లిఫ్టు దగ్గర నన్ను ఎరగనట్టే ఉంటుంది

హాల్లో నేర్చుకున్న "సిట్" హాలుకే చెందుతుంది. కొత్త చోట కొత్త వాసనలు, డెలివరీ కుర్రాళ్ల హెల్మెట్లు, లిఫ్టు తలుపుల చప్పుడు. అక్కడ పాఠం మళ్లీ మొదటి మెట్టు నుంచి, చేతి కదలికతో సహా మొదలుపెట్టాలి. ముందు గుమ్మం లోపల, తర్వాత ఎవరూ తిరగని వేళ కారిడార్లో, ఆ తర్వాత లిఫ్టు ముందు. ఇంట్లో రోజువారీ గుళికల తిండే ట్రీటుగా సరిపోవచ్చు. బయట మాత్రం ఉడికించిన చికెన్, పనీర్ ముక్క ఉంటే గానీ లాభం లేదు.

సుమారు 16 వారాల వయసులో వేసే ఆఖరి బూస్టర్ టీకా పూర్తయ్యాక, ఎప్పటి నుంచి కింద తిప్పవచ్చో డాక్టరును అడగండి. అంతవరకు వీధికుక్కలు తిరిగే నేల మీద దింపవద్దు, పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు భయం ఉంటుంది. అలాగని ఇంట్లోనే బంధించనూ కూడదు. మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల వయసు వరకు చూసినవాటికి కుక్క పెద్దయ్యాక అంతగా బెదరదు. చంకనెత్తుకుని గేటు దాకా వెళ్లండి, ఆటోలు, స్కూలు బస్సులు చూపిస్తూ ముక్కలు పెట్టండి. కబ్బన్ పార్కు సరదా కొన్నాళ్లు ఆగవచ్చు.

పిలిస్తే రాదు

ఎందుకు వస్తుంది? ఆడుకుంటుంటే పిలిచి ఇంటికి లాక్కెళతాం, పిలిచి స్నానం చేయిస్తాం, పిలిచి చెవిలో మందు పోస్తాం. ఇలాంటి పనులుంటే పిలవకుండా మీరే వెళ్లి తెచ్చుకోండి. "రా" అన్నాక మాత్రం మంచి ముక్క తప్పదు. అదీ చెయ్యి చాపి దూరం నుంచి కాదు, మీ మోకాలికి ఆనించి ఇవ్వాలి. తింటుండగా మెడపట్టీ పట్టుకుని, మళ్లీ ఆటకు వదిలేయండి. ఆలస్యంగా వచ్చినా తిట్టవద్దు. తాను వచ్చినందుకే తిట్లు పడ్డాయని అనుకుంటుంది.

"స్టే" (కదలకుండా ఉండు) అంటే నిలవదు

సమయం, దూరం, చుట్టూ సందడి, ఈ మూడింటినీ ఒకేసారి పెంచుతున్నారు. ఒక్కొక్కటే పెంచండి. రెండు సెకన్లతో మొదలుపెట్టి, "ఇక పో" అనే మాటతో ముగించండి. ఆ ముగింపు మాట లేకపోతే ఎప్పుడు లేవాలో అదే నిర్ణయించుకుంటుంది.

ట్రీటుతో పాటు వేళ్లూ కొరుకుతోంది

వేళ్ల కొసలతో కాక, చదునైన అరచేతిలో పెట్టి ఇవ్వండి. పళ్లు తగిలితే పిడికిలి బిగించి, నాలుక మెత్తగా తగిలాక తెరవండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడే రోజుల్లో ఇది ఎక్కువ. సాయంత్రం మరీ వెర్రెత్తినట్టు కొరుకుతుంటే నిద్ర చాలలేదని అర్థం, పాఠం ఆపి పడుకోబెట్టండి. అసలు ఒక పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు దాటకూడదు.

నాకు వింటుంది, ఇంట్లో ఇంకెవరికీ వినదు

మీరు "సిట్" అంటారు, అమ్మమ్మ "కూర్చో" అంటుంది, పనమ్మాయి కన్నడలో పిలుస్తుంది. ఏ భాషైనా సరే, ఒక పనికి ఒకే మాట ఉండాలి, దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. భోజనాల బల్ల కింద జారవిడిచే చపాతీ ముక్కలు, మీదికి ఎగబాకినందుకు గేటు దగ్గర వాచ్‌మన్ ముద్దుగా పెట్టే గ్లూకోజ్ బిస్కెట్లు మీ పాఠానికి ఎదురు పాఠాలు. వాచ్‌మన్ చేతికి నాలుగు ముక్కలు మీరే ఇచ్చి, కూర్చున్నాకే పెట్టమని చెప్పండి. ఆయన మీకంటే ఓపికైన గురువు కావచ్చు.

ట్రీట్ వద్దంటోంది, లేదా విరేచనాలు అవుతున్నాయి

అన్నం తినగానే పాఠం పెడితే ఆకలి ఉండదు. భోజనానికి ముందు పెట్టండి. ట్రీట్లన్నీ కలిపి రోజు తిండిలో 10 శాతం దాటకూడదు, ఆ మేరకు గిన్నెలోది తగ్గించండి. కొత్త రకాలు రెండు మూడు ఒకేరోజు పెట్టినా కడుపు చెడుతుంది. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, ఉడికించిన గుడ్డు, క్యారెట్ ముక్కలు బాగుంటాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, పాయసంలోని కిస్మిస్‌లు, ద్రాక్ష, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఎంతో ఇష్టపడే చికెన్‌ను కూడా ముట్టకుండా ముడుచుకుని పడుకుంటే, వాంతులు గానీ నెత్తురు విరేచనాలు గానీ కనిపిస్తే అది శిక్షణ సమస్య కాదు. చిన్న కుక్కపిల్లల ఒంట్లో నీరు చాలా త్వరగా తగ్గిపోతుంది, అందుకే ఇంటి చిట్కాలు పక్కనపెట్టి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. అది దూరమైతే, రాత్రి కూడా తెరిచి ఉండే దగ్గరి క్లినిక్ ఏదో కనుక్కుని, ఆ నంబరు, టీకా కార్డు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండేలా చూసుకోండి.