క్లచ్ పట్టడం లేదా, విడవడం లేదా: గేరుబాక్సు దించకముందే తేల్చుకునే పద్ధతి

మాన్యువల్ గేర్ల కారులో క్లచ్ చేయవలసిన పనులు రెండే. పెడల్ వదిలినప్పుడు ఇంజను బలాన్ని గేరుబాక్సుకు పూర్తిగా అందించాలి. పెడల్ తొక్కినప్పుడు ఆ బంధాన్ని పూర్తిగా తెంచాలి. చెడిపోయిన క్లచ్ ఈ రెంటిలో ఏదో ఒకటి చేయలేకపోతుంది. ఏది చేయలేకపోతున్నదో ముందుగా తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే పట్టు జారిపోతున్న క్లచ్‌కు చాలాసార్లు గేరుబాక్సు దించక తప్పదు గానీ, విడవని క్లచ్ విషయంలో లోపం తరచుగా బయటనే, పెడల్‌కూ గేరుబాక్సుకూ మధ్యనున్న కేబుల్‌లోనో హైడ్రాలిక్ (ద్రవపు ఒత్తిడితో పనిచేసే) భాగాల్లోనో ఉంటుంది. ఈ తేడా చూడకుండానే క్లచ్ సెట్టు మొత్తం మార్పించుకుని, తీరా లోపం అలాగే మిగిలిపోయిన కార్లు తక్కువేమీ కాదు.

లోపల జరిగేది ఇది. ఇంజను వెనుక తిరిగే ఫ్లైవీల్‌కూ, దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు క్లచ్ ప్లేటును ఎప్పుడూ ఫ్లైవీల్‌కు అదిమిపెట్టి ఉంచుతుంది. మనం పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, ప్లేటు విడుదలవుతుంది. అంటే పట్టుకునేది స్ప్రింగు, విడిపించేది మన కాలు. అందుకే పట్టు తగ్గితే ప్లేటు, స్ప్రింగు వైపు, విడుదల సరిగా జరగకపోతే కాలి బలాన్ని చేరవేసే భాగాల వైపు మొదట చూడాలి.

పరీక్షను ఇంజను ఆపి, పెడల్‌తో మొదలుపెట్టండి. పెడల్ కింద మ్యాట్ మడతపడి అడ్డుపడుతున్నదేమో చూడండి. ఇది నవ్వులాటగా అనిపించవచ్చు గానీ, పెడల్ చివరి వరకు దిగకపోవడానికి ఇదీ ఒక కారణమే. తర్వాత పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. కేబుల్ క్లచ్‌లలో చాలావాటికి బరువు తగలకముందు కొద్దిపాటి ఖాళీ కదలిక ఉండాలి, అది ఎంతో కారు మాన్యువల్‌లో ఉంటుంది. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు బేరింగ్ వైపు జరిగి ఈ ఖాళీని తినేస్తాయి. ఖాళీ బొత్తిగా లేకపోతే, కాలు పెట్టకపోయినా పెడల్ కొంత తొక్కి ఉంచినట్లే లెక్క, క్లచ్ జారుతుంది. కేబుల్ సరిచేస్తే ఇంకొన్నాళ్లు నడవవచ్చు. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు. హైడ్రాలిక్ క్లచ్‌లో ఈ సర్దుబాటు తనంతట తానే జరుగుతుంది కనుక అక్కడ చూడవలసింది వేరు: పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతున్నదా, తొక్కి పట్టుకుంటే మెల్లగా నేలకు జారిపోతున్నదా, వదిలితే వెంటనే పైకి వస్తున్నదా అన్నది.

పట్టు జారుతున్నదని అనుమానముంటే రోడ్డు మీద పరీక్షించడమే మేలు. ముందూ వెనుకా వాహనాలు లేని చోట, నాలుగో గేరులో, ఇంజను వేగం నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఉండగా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కండి. బాగున్న క్లచ్‌తో ఇంజను వేగమూ కారు వేగమూ జంటగా పెరుగుతాయి. ఇంజను చుట్లు ఒక్కసారిగా పైకెగిరి, కారు మాత్రం అదే వేగంతో సాగుతుంటే క్లచ్ జారుతున్నట్లే. పెద్ద గేరులోనూ, ఎగువ దారిలోనూ, నిండా బరువు వేసినప్పుడూ ఈ లక్షణం ముందుగా బయటపడుతుంది; మాడు వాసన ఆ తర్వాతి దశ. ఈ పరీక్షను పదేపదే చేయకూడదు, ఎందుకంటే జారిన ప్రతిసారీ పుట్టే వేడి ఫ్లైవీల్ ముఖాన్ని కూడా పాడుచేస్తుంది.

నిలిచివున్న కారులో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి పెడల్‌ను వదిలే పరీక్ష ఒకటి చాలామంది చెబుతారు. ముందు ఎవరూ లేకుండా చూసుకుని చేస్తే దానితో చెడ్డ క్లచ్‌ను పట్టుకోవచ్చు: ఇంజను ఆగిపోకుండా తిరుగుతూనే ఉంటే పట్టు పోయినట్లే. అయితే ఇంజను ఆగిపోయినంత మాత్రాన క్లచ్ బాగున్నట్లు కాదు. ఆ తక్కువ వేగంలో ఇంజను చూపే బలం తక్కువ. సగం అరిగిన క్లచ్ కూడా దానిని తట్టుకుంటుంది. నా దృష్టిలో రోడ్డు పరీక్ష ముందు ఇది చాలా మొరటుది.

విడవని క్లచ్‌ను గుర్తించడం ఇంకా తేలిక. ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూడండి, తర్వాత ఇంజను నడుస్తుండగా వేసి చూడండి. ఆగినప్పుడు సులువుగా పడిన గేర్లు నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండు సందర్భాల్లోనూ గట్టిగానే ఉంటే గేరు లివర్ లింకేజీని, ఒక్క గేరు మాత్రమే గరగరమంటే ఆ గేరు సింక్రోనైజర్‌ను (గేరు పడేముందు తిరిగే భాగాల వేగాలను కలిపేదానిని) అనుమానించాలి. వీటికి క్లచ్ మార్చడం వృథా. నిర్ధారణకు మరో దారి ఉంది: పెడల్‌ను పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రోనైజర్ లేని గేరుబాక్సులు చాలా ఉన్నాయి కాబట్టి, లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతున్నట్లయితే పళ్లు ఒరుసుకున్న శబ్దం వెంటనే వినిపిస్తుంది.

ఇప్పుడు పెడల్‌ను వరుసగా నాలుగైదు సార్లు తొక్కి మళ్లీ గేరు వేయండి. ఈసారి సులువుగా పడితే లోపం దాదాపు ఖాయంగా హైడ్రాలిక్ వ్యవస్థలోనే ఉంది: గాలి చేరి ఉంటుంది, లేదా మాస్టర్ సిలిండర్‌లోనో (పెడల్ దగ్గర ద్రవాన్ని నెట్టేది) స్లేవ్ సిలిండర్‌లోనో (గేరుబాక్సు వైపు ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) సీలు అరిగి ఉంటుంది. పెడల్ రాడ్ దగ్గర తడి ఉన్నదేమో, బయట బిగించిన స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కింద ద్రవం ఊరుతున్నదేమో చూడండి. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ రిలీజ్ బేరింగ్‌తో కలిసి గేరుబాక్సు లోపలే ఉంటుంది. అది కారితే ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట అడుగున ద్రవం చుక్కలుగా కనిపిస్తుంది, దానికి గేరుబాక్సు దించక తప్పదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చాలా కార్లలో క్లచ్, బ్రేకులు ఒకే ద్రవపు డబ్బాను పంచుకుంటాయి, క్లచ్ గొట్టం బ్రేకుల గొట్టం కన్నా పైన ఉంటుంది. ద్రవం తగ్గితే ముందు క్లచ్ పోతుంది గనుక, అలాంటి కారులో క్లచ్ పెడల్ హఠాత్తుగా కుంగిపోతే బ్రేకుల వైపు కూడా కారుడు లేదని చూసుకున్నాకే నడపాలి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ద్రవాన్నే పోయాలి.

బయటి భాగాలన్నీ సక్రమంగా ఉండి, స్లేవ్ రాడ్ పూర్తిగా కదులుతున్నా క్లచ్ విడవకపోతే అప్పుడే లోపలి కారణాలకు వెళ్లాలి: వంకరపోయిన ప్లేటు, తుప్పు పట్టిన స్ప్లైన్లు (ప్లేటు జారే షాఫ్టు మీది గాళ్లు), విరిగిన స్ప్రింగు వేలు. చాలాకాలం కదలకుండా తేమలో నిలిపి ఉంచిన కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడం కూడా జరుగుతుంది.

శబ్దాలకు కొంచెం ఓపిక కావాలి. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా పెడల్ మీద కాలు పెట్టగానే గీరినట్లు శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్ అరిగింది. పెడల్ వదిలి ఉన్నప్పుడు వినిపించి, తొక్కితే ఆగిపోయే శబ్దం సాధారణంగా గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్‌ది. కొన్నిసార్లు అలాంటి శబ్దం, కటకటమంటూ, అరిగిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు భాగాల మధ్య స్ప్రింగులున్న ఫ్లైవీల్) నుంచి కూడా వస్తుంది. బయలుదేరేటప్పుడు కారు వణికితే నూనె తడిసిన ప్లేటు కావచ్చు, వేడికి మచ్చలు పడిన ఫ్లైవీల్ కావచ్చు; అయితే ఇంజను మౌంటులు (ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) అరిగినా ఇదే వణుకు పుడుతుంది, వాటిని పరీక్షించడానికి గేరుబాక్సు దించనక్కరలేదు కనుక ముందు అవే చూడాలి.

గేరు పడి, పెడల్ వదిలినా కారు అసలు కదలకపోతే వెంటనే క్లచ్‌ను నిందించవద్దు. గేరుబాక్సు నుంచి చక్రాలకు బలాన్ని చేరవేసే డ్రైవ్ షాఫ్టు విరిగినా అలాగే ఉంటుంది. వేగపు సెన్సర్ గేరుబాక్సుకు అమర్చిన కార్లలో స్పీడోమీటర్ ముల్లు కదులుతూ కారు నిలిచివుంటే గేరుబాక్సు తిరుగుతున్నట్లే, అంటే లోపం దాని తర్వాత, చక్రాల వైపు ఉంది.

గేరుబాక్సు దించాక పాత ప్లేటు మీద నూనె కనిపిస్తే, ఇంజను వెనుక సీలుదా, గేరుబాక్సు ముందు సీలుదా అన్నది తేల్చి, ఆ సీలును మార్చాకే కొత్త ప్లేటు బిగించమనండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడమే సబబు. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. పాత కార్ల ప్లేటు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.